పిల్లల ఏటీవీ ఐడిల్‌లో ఆగిపోతుంటే

సెల్ఫ్ కొడితే స్టార్ట్ అవుతుంది. రేజ్ ఇస్తే బాగానే లాగుతుంది. లివర్ మీంచి బొటనవేలు తీసేసరికి, అంటే ఇంజన్ రేజ్ లేకుండా నెమ్మదిగా తిరగాల్సిన ఐడిల్‌లో, రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. 49 సీసీ టూ స్ట్రోక్ బండి అయినా, 70, 110, 125 సీసీ ఫోర్ స్ట్రోక్ అయినా పిల్లల ఏటీవీకి (నాలుగు చక్రాల చిన్న బండికి) ఎక్కువగా పట్టే జబ్బు ఇదే. చాలాసార్లు దీనికి కొత్త కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపేది) అక్కర్లేదు, ఇంజన్ దించాల్సిన పని అసలే లేదు. ఒక పూట సమయం, కాస్త ఓపిక చాలు.

ముందు చేయకూడని పని గురించి చెప్పుకోవాలి. ఆగిపోతోంది కదా అని ఐడిల్ స్క్రూ (కార్బురేటర్ మీద ఐడిల్ వేగాన్ని సర్దేది) నాలుగు చుట్లు బిగించేసి, ఆగడం మానింది కాబట్టి బాగైపోయిందనుకుంటారు. ఈ బళ్ళలో చాలావాటికి చేతితో పట్టే క్లచ్ లివర్ ఉండదు. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ క్లచ్ బరువులు వాటంతటవే విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి. ఐడిల్ ఎక్కువ పెట్టిన బండి గేరులో ఉంటే బ్రేకు వదలగానే తనంతట తానే ముందుకు కదులుతుంది. మీద కూర్చున్నది ఆరేళ్ళ పిల్లో పిల్లాడో అని గుర్తుంచుకోండి. ఐడిల్ స్క్రూ ఆఖరున తిప్పాల్సింది. మొదటే తిప్పితే అసలు లోపం దాక్కుంటుంది.

ఇంకో స్క్రూ కూడా చాలామందిని తికమక పెడుతుంది. బొటనవేలి లివర్ డబ్బాకు పక్కన, లాక్ నట్‌తో పొడుచుకొచ్చే స్క్రూ ఒకటి ఉంటుంది. అది లివర్ ఎంత దూరం వెళ్ళాలో ఆపే స్పీడ్ లిమిటర్, పిల్లల వేగం అదుపులో ఉంచడానికి పెద్దవాళ్ళు సెట్ చేసేది. దానికీ ఐడిల్‌కీ సంబంధం లేదు, ముట్టుకోకండి.

ఐడిల్‌లో పెట్రోల్ ఏ దారిన వస్తుంది

లివర్ పూర్తిగా వదిలినప్పుడు కార్బురేటర్ గొంతులోని స్లైడు (లివర్‌తో పైకీ కిందికీ కదిలే తలుపు) దాదాపు మూసుకుపోతుంది. మెయిన్ జెట్టుకు, అందులోకి దిగే నీడిల్‌కు అప్పుడు పని ఉండదు. పెట్రోలంతా పైలట్ జెట్టు అనే చిన్న ఇత్తడి ముక్కలోంచే రావాలి. స్లో జెట్టు అన్నా అదే. చిన్న ఫోర్ స్ట్రోక్ బళ్ళలో 35 నంబరు పైలట్ జెట్టు మామూలు. అంటే రంధ్రం దాదాపు 0.35 మిల్లీమీటర్లు, కుట్టుసూది కాండం కూడా దూరదు. నెల రెండు నెలలు నిలవున్న పెట్రోల్‌లో తేలిక భాగం ఆవిరైపోయి మిగిలింది జిగురుగా మారుతుంది. ఆ జిగురు పల్చటి పొరగా పట్టినా ఈ దారి మూసుకుపోతుంది. మెయిన్ జెట్టు రంధ్రం దీనికి రెట్టింపు ఉంటుంది కాబట్టి అది తట్టుకుంటుంది. రేజ్ ఇస్తే బాగుండి, వదిలితే ఆగిపోవడానికి కారణం ఇదే.

రెండో సంగతి గాలిది. స్లైడు మూసుకుని ఉన్నప్పుడే ఇంజన్ మానిఫోల్డ్‌లో (కార్బురేటర్‌నూ ఇంజన్‌నూ కలిపే గొట్టంలో) పీల్పు ఎక్కువగా ఉంటుంది. అక్కడ వెంట్రుక మందం పగులున్నా లెక్కలో లేని గాలి లోపలికి దూరి మిశ్రమాన్ని పల్చన చేస్తుంది. స్లైడు తెరిచాక లోపలికి వెళ్ళే గాలి ముందు ఆ చిన్న లీకు లెక్కలోకి రాదు. జెట్టు మూసుకుపోయినా, గాలి లీకైనా పైకి కనిపించే లక్షణం ఒకటే అవుతుంది. ఈ రెండింటిలో ఏదో తేలిస్తే సగం పని అయిపోయినట్టే.

పానా పట్టే ముందు వినండి

బండిని ఆరుబయట చదునైన చోట పెట్టండి. షెడ్డులో తలుపు తెరిచి ఉన్నా ఇంజన్ నడపొద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక చక్రాలు రెండూ నేలకు తగలకుండా స్టాండు మీదికి ఎత్తండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. పెట్రోల్ పైపులు, కార్బురేటర్ విప్పే పని ఇంజన్ చల్లారాకే.

ఇంజన్ స్టార్ట్ చేసి రెండు నిమిషాలు తిరగనిచ్చి, ఆగబోతున్న క్షణంలో చోక్ (మిశ్రమంలో పెట్రోల్ పాలు పెంచే లివర్) సగం వేయండి. నిలదొక్కుకుందంటే పెట్రోల్ తక్కువ పడుతోంది: జెట్టులో మురికి, లేదా ఎక్కడో గాలి లీకు. చోక్ వేయగానే ఇంకా త్వరగా చచ్చిపోయిందంటే పెట్రోల్ ఎక్కువైంది. సైలెన్సర్‌లోంచి నల్లపొగ, ఘాటు పెట్రోల్ వాసన కూడా వస్తే ఇక సందేహం లేదు.

తర్వాత రేజ్ ఇచ్చి ఒక్కసారిగా వదలండి. వేగం వెంటనే పడిపోయి, ఐడిల్‌కు చేరి, అక్కడ ఆగిపోతే జెట్టు మీద అనుమానం. వేగం పడకుండా పైనే ఒకటి రెండు సెకన్లు వేలాడి, మెల్లగా దిగి ఆగితే గాలి లీకు మీద. ఒకే వేడి, ఒకే చోక్ ఉండి ఒకసారి ఐడిల్ ఎక్కువ, ఇంకోసారి తక్కువ వస్తున్నా గాలి లీకే అనుకోవచ్చు.

ఆగే తీరు కూడా చాలా చెబుతుంది. స్విచ్ తిప్పినట్టు ఉన్నపళంగా ఆగిపోతే అది కరెంటు జబ్బు. దగ్గుతూ, ఊగుతూ, నీరసపడి ఆగితే పెట్రోల్ లేదా గాలి. పది నిమిషాలు శుభ్రంగా తిరిగి ఆగిపోయి, ట్యాంకు మూత తెరిస్తే సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తే మూతలోని గాలి రంధ్రం పూడిపోయింది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాకే ఆగుతుంటే ఫోర్ స్ట్రోక్ బళ్ళలో టాపెట్ గ్యాప్ (వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు) వైపు చూడాలి.

ముందు తేలికవి

ట్యాంకులో ఉన్న పెట్రోల్ ఎప్పటిదో తెలియకపోతే మొత్తం దించేయండి. గాజు సీసాలో పట్టి చూస్తే పాతది ముదురు రంగులో ఉంటుంది, వార్నిష్ వాసన వేస్తుంది. అడుగున విడిగా బుడగలాగా నిలిచేది నీళ్ళు. ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను లాక్కుంటుంది, ఆ నీళ్ళు చేరేది సరిగ్గా కార్బురేటర్ బౌల్ (కింద పెట్రోల్ నిలిచే గిన్నె) అడుగుకే. అందుకని బౌల్ కింది డ్రైన్ స్క్రూ వదులు చేసి అక్కడున్నది కూడా తీసేయండి.

కార్బురేటర్‌కు వచ్చే పైపు ఊడదీసి, కాక్ (ట్యాంకు కింది పెట్రోల్ కొళాయి) తెరిచి సీసాలోకి వదలండి. సన్నగా అయినా తెగకుండా ధార పడాలి. మొదట బాగా పడి, తర్వాత చుక్కలు చుక్కలుగా మారితే మూత రంధ్రం, ట్యాంకులోని జాలీ, దారిలోని ఫిల్టర్ వరుసగా చూడండి. ఈ బళ్ళలో సాధారణంగా పంపు ఉండదు, పెట్రోల్ తన బరువు మీదే దిగాలి. పెద్ద బళ్ళకు పనికొచ్చే దట్టమైన కాగితం ఫిల్టర్ ఇక్కడ పెడితే అదే అడ్డుపడుతుంది. కొన్నింట్లో ఇంజన్ పీల్పుతో తెరుచుకునే కాక్ ఉంటుంది. దాని సన్నపైపు ఊడదీస్తే లోపల పెట్రోల్ తడి కనిపించిందా, కాక్ లోపలి పొర చిరిగినట్టే. ఆ పెట్రోల్ నేరుగా మానిఫోల్డ్‌లోకి పోయి ఐడిల్‌ను చెడగొడుతుంది. కాక్ మార్చేయడమే మందు.

ఎయిర్ ఫిల్టర్ స్పాంజీ దుమ్ముతో బిగిసిపోయి ఉంటే సబ్బునీళ్ళలో పిండి, ఆరాక ఫిల్టర్ ఆయిల్ కొద్దిగా రాసి మళ్ళీ పిండండి. ఆయిల్ కారుతూ ఉండకూడదు. ఫిల్టర్ తీసేసి బండి నడపొద్దు. మిశ్రమం పల్చబడుతుంది, దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. చోక్ లివర్ పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో చేత్తో కదిపి చూడండి. గేర్లు లేని, బెల్టుతో నడిచే కొన్ని సీవీటీ బళ్ళలో చోక్ లివరే ఉండదు, కార్బురేటర్ పక్కన రెండు తీగల ఆటోమేటిక్ చోక్ ఉంటుంది. దాన్ని విప్పి 12 వోల్టుల బ్యాటరీకి కలిపితే నాలుగైదు నిమిషాల్లో దాని సూది మెల్లగా బయటికి పొడుచుకు రావాలి. రాకపోతే ఇంజన్ ఎంత వేడెక్కినా చోక్ వేసినట్టే ఉండిపోతుంది.

ప్లగ్గు విప్పి చూడండి. గోధుమరంగు ఉంటే మంచిది. మసి పట్టి పొడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువ, పింగాణీ సున్నంలా తెల్లబడితే తక్కువ. తడి నూనె ఉంటే ఫోర్ స్ట్రోక్‌లో రింగులు, వాల్వ్ సీళ్ళ సంగతి, అది వేరే కథ. 70, 110 సీసీ అడ్డం ఇంజన్లలో (సిలిండర్ పడుకున్నట్టు ఉండేవాటిలో) సాధారణంగా వచ్చేది సీ7హెచ్ఎస్ఏ రకం, 10 మిల్లీమీటర్ల మర. గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. ప్లగ్గు ఖరీదైన వస్తువు కాదు, అనుమానం ఉంటే రుద్దుకుంటూ కూర్చోకుండా కొత్తది వేసి ముందుకు పోండి.

గాలి లీకు

ఇంజన్ తిరుగుతుండగా స్ప్రే సీసాలో మామూలు నీళ్ళు పోసి, కార్బురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య అతుకుల మీద చిన్నగా చిమ్మండి. ఎక్కడ చిమ్మినప్పుడు వేగం మారిందో, ఇంజన్ తడబడిందో అక్కడే లీకు. కొందరు ఇదే పని కార్బురేటర్ క్లీనర్‌తోనో గ్యాస్‌తోనో చేస్తారు. వేడి సైలెన్సర్ జానెడు దూరంలో ఉన్న బండి మీద అది అనవసరమైన సాహసం. ప్లగ్గు క్యాప్ మీద మాత్రం నీళ్ళు పడనివ్వకండి, లేని జబ్బు చూపిస్తుంది.

వెతకాల్సిన చోట్లు కొన్నే. మానిఫోల్డ్ మీద చిన్న నిపిల్ ఉండి, దానికి వేలిగోరంత రబ్బరు టోపీ తొడిగి ఉంటుంది. ఆ టోపీ ఎండిపోయి అడుగున చీలుతుంది. పైనుంచి చూస్తే బాగానే ఉంటుంది, వేలితో వంచితేనే పగులు నోరు తెరుస్తుంది. గంటలకొద్దీ కార్బురేటర్ కడిగినవాళ్ళను ఏడిపించేది ఎక్కువగా ఇదే. తర్వాత కార్బురేటర్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య ఉండే నల్లని బేకలైట్ దిమ్మ, దాని 'ఓ' రింగు (గాలి దూరకుండా పెట్టే రబ్బరు వలయం), కాగితం గ్యాస్కెట్లు. ఓ రింగు చదునుగా అణిగిపోయి ఉంటే కొత్తది వేయండి.

కార్బురేటర్ అంచు వంగిందేమో గాజుపలక మీద పెట్టి చూడండి. రెండు నట్లను మరీ బిగిస్తే మెత్తని అల్యూమినియం చెవులు ఇంజన్ వైపు వంగి, మధ్యలో సందు వస్తుంది. గాజు మీద 400 నంబరు ఎమరీ కాగితం పరిచి, అంచును ఎనిమిది అంకెలాగా తిప్పుతూ రుద్దితే నాలుగైదు నిమిషాల్లో చదునవుతుంది. తిరిగి బిగించేటప్పుడు రెండు నట్లనూ కొద్దికొద్దిగా, ఒకదాని తర్వాత ఒకటి బిగించాలి. 6 మిల్లీమీటర్ల స్టడ్డుకు 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు. టార్క్ పానా లేకపోతే చిన్న పానాను కొనదగ్గర కాకుండా మెడ దగ్గర పట్టుకుని బిగించండి.

కార్బురేటర్ కడగడం

కాక్ మూసి, బౌల్ ఖాళీ చేసి, పైమూత మర విప్పి స్లైడును కేబుల్‌తో సహా పైకి లాగి ఒక గుడ్డలో చుట్టి పక్కన వేలాడదీయండి. నీడిల్ వంగితే మళ్ళీ అదో తలనొప్పి. రెండు నట్లు విప్పితే కార్బురేటర్ చేతిలోకి వస్తుంది. బౌల్ స్క్రూలు మెత్తని తలవి, సరిపోయే స్క్రూడ్రైవర్‌ను గట్టిగా అదిమి తిప్పకపోతే తల అరిగిపోతుంది.

మిక్సర్ స్క్రూను (ఐడిల్‌లో పెట్రోల్, గాలి పాళ్ళు సర్దే చిన్న స్క్రూ) విప్పేముందు ఒక లెక్క రాసుకోవాలి. దాన్ని లోపలికి తిప్పుతూ, మెత్తగా ఆగేదాకా ఎన్ని చుట్లు పట్టాయో లెక్కపెట్టండి. అక్కడినుంచి బలవంతం చేస్తే స్క్రూ మొన కార్బురేటర్ ఒంట్లోనే విరిగిపోతుంది. లెక్కపెట్టాక విప్పి, దానితోపాటు వచ్చే స్ప్రింగు, చిన్న వాషరు, ఆవగింజంత ఓ రింగు జాగ్రత్త చేయండి. ఓ రింగు తరచు రంధ్రంలోనే ఉండిపోతుంది. అది లోపల ఉండగా క్లీనర్ కొడితే ఉబ్బి పాడవుతుంది.

బౌల్ తీశాక మధ్యలో కనిపించేది మెయిన్ జెట్టు. పక్కన లోతైన గొట్టంలో ఉండేది పైలట్ జెట్టు. కొన్ని కార్బురేటర్లలో ఆ గొట్టానికి రబ్బరు బిరడా ఉంటుంది, అది పీకితే గానీ జెట్టు కనబడదు. కొన్నింట్లో పైలట్ జెట్టు మర లేకుండా దిగగొట్టి ఉంటుంది, దాన్ని పీకే ప్రయత్నం చేయకుండా అక్కడే కడగాలి. మరతో వచ్చేదైతే గాడి వెడల్పుకు సరిపోయే స్క్రూడ్రైవర్ వాడండి. ఇత్తడి గాడి ఒకసారి చెదిరితే తర్వాత ఏదీ పట్టదు.

జెట్టును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. గుండ్రని, పదునైన వెలుగు చుక్క కనబడాలి. చుక్క అండాకారంగానో, ఒక పక్క కొరికినట్టుగానో ఉంటే లోపల ఇంకా పొర ఉన్నట్టే. క్లీనర్ కొట్టి పావుగంట నాననిచ్చి, విద్యుత్ తీగలోంచి లాగిన ఒక్క సన్నని రాగి పోగుతో పొడవండి. ఉక్కు తీగ, డ్రిల్లు మొన వద్దు. రంధ్రం కాస్త పెద్దదైతే జెట్టు నంబరు మారిపోయినట్టే, ఆపైన ఐడిల్ ఎప్పటికీ కుదరదు.

జెట్టు ఒక్కటే కడిగి ఆపేయడం వల్లే చాలా బళ్ళు రెండోసారి విప్పాల్సి వస్తుంది. కార్బురేటర్ గొంతులో, స్లైడు అంచు దిగే చోట ఇంజన్ వైపు, పిన్ను మొనంత రంధ్రం ఒకటో రెండో ఉంటాయి. ఐడిల్ పెట్రోల్ చివరికి బయటపడేది వాటిలోంచే. మిక్సర్ స్క్రూ రంధ్రంలోకి క్లీనర్ గొట్టం పెట్టి కొడితే ఆ పిన్ను రంధ్రాల్లోంచి చిమ్మాలి. పైలట్ జెట్టు గొట్టంలోంచి కొట్టినా అక్కడికే రావాలి. గొంతు ముందువైపు, ఫిల్టర్ దిక్కున ఉన్న గాలి రంధ్రంలోకి కూడా కొట్టి దారి తెరిచి ఉందో లేదో చూసుకోండి. కళ్ళకు రక్షణ అద్దాలు లేకుండా ఈ పని చేయకండి, క్లీనర్ ఎటు నుంచి వెనక్కి చిమ్ముతుందో చెప్పలేం.

పెట్రోల్ ఎక్కువైన లక్షణాలు కనబడిన బండిలో ఫ్లోటును (బౌల్‌లో తేలుతూ పెట్రోల్ మట్టాన్ని అదుపు చేసేది) చూడాలి. దాన్ని చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోల్ గలగలమనకూడదు. సూది వాల్వు రబ్బరు కొనలో ఉంగరంలా గుంట పడిందంటే మార్చేయండి. కార్బురేటర్‌ను తలకిందులు చేసి పట్టుకుంటే ఫ్లోటు అడుగు భాగం బౌల్ అతుకు అంచుకు దాదాపు సమాంతరంగా ఉండాలి. బాగా తేడా ఉంటే, లోహపు నాలుక ఉన్న ఫ్లోటులో ఆ నాలుకను కాస్త వంచి సరిచేయవచ్చు.

తిరిగి పెట్టేటప్పుడు స్లైడు దిక్కు చూసుకోండి. స్లైడుకు ఒక పక్క అడుగున కోసినట్టు ఉంటుంది. ఆ కోత ఎయిర్ ఫిల్టర్ వైపు ఉండాలి, పక్కనున్న పొడుగాటి గాడిలోకి కార్బురేటర్ లోపలి పిన్ను దిగాలి. తిరగేసి పెడితే స్లైడు పూర్తిగా కిందికి దిగదు, స్టార్ట్ చేసిన క్షణంలోనే ఇంజన్ ఫుల్ రేజ్ అందుకుంటుంది. మూత బిగించాక లివర్ నొక్కి వదలండి, స్లైడు కింద తగిలిన టక్ అనే చప్పుడు వినబడాలి. అది వినబడేదాకా స్టార్ట్ చేయొద్దు.

సెట్ చేయడం

మిక్సర్ స్క్రూ రెండు రకాలు, గుర్తుపట్టేది అది ఉన్న చోటును బట్టి. ఇంజన్ వైపు ఉంటే అది పెట్రోల్‌ను అదుపు చేసేది: బయటికి తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలిని అదుపు చేసేది: బయటికి తిప్పితే మిశ్రమం పల్చబడుతుంది. ఏదైనా సరే మొదట మెత్తగా మూసి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి మొదలుపెట్టండి.

ఐదు నిమిషాలు ఇంజన్ వేడెక్కనిచ్చి, చోక్ పూర్తిగా తీసేసి, ఆగకుండా ఉండేంత మాత్రం ఐడిల్ స్క్రూ పెంచుకోండి. ఇప్పుడు మిక్సర్ స్క్రూను పావు చుట్టు చొప్పున ఒక దిక్కుకు తిప్పుతూ, ప్రతిసారీ పది సెకన్లు ఆగి వినండి. తొందరపడితే మార్పు చెవికి అందదు. వేగం పెరుగుతూ పోయి ఒక చోట నునుపుగా నిలుస్తుంది, అది దాటాక మళ్ళీ తడబడుతుంది. నునుపుగా ఉన్న మేర నడిమధ్యకు తెచ్చి వదిలేయండి. ఇప్పుడు ఐడిల్ స్క్రూ తగ్గించి వేగాన్ని దించండి. ఫోర్ స్ట్రోక్ బళ్ళకు సాధారణంగా నిమిషానికి 1,400 నుంచి 1,700 చుట్లు. ప్లగ్గు తీగకు చుట్టి చూసే చిన్న టాకోమీటర్ ఉంటే మంచిది. బండితో వచ్చిన పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి.

స్క్రూ ఎక్కడ కుదిరిందన్నది కూడా ఒక పరీక్షే. పెట్రోల్ స్క్రూ మూడు చుట్లు దాటి బయటికి వస్తే తప్ప కుదరడం లేదంటే పైలట్ దారి ఇంకా సగం మూసుకునే ఉంది, లేదా గాలి లీకు మిగిలే ఉంది. గాలి స్క్రూ దాదాపు పూర్తిగా మూస్తే తప్ప కుదరకపోయినా అర్థం అదే. అక్కడ సర్దుకుపోకుండా వెనక్కి వెళ్ళి కడగండి.

టాపెట్ గ్యాప్

ఫోర్ స్ట్రోక్ బళ్ళలో కార్బురేటర్ నాలుగుసార్లు కడిగినా తీరని జబ్బు చాలాసార్లు ఇక్కడ తేలుతుంది. వాడేకొద్దీ వాల్వులు తమ సీట్లలోకి కొంచెం కొంచెం దిగుతాయి, గ్యాప్ తగ్గుతుంది. వేడెక్కితే వాల్వు సాగి, పూర్తిగా మూసుకోవడం మానేస్తుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ కొద్ది సందులోంచి కంప్రెషన్ జారిపోవడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. గ్యాప్ పెరిగితే టకటక శబ్దం వస్తుంది, తగ్గితే ఏ శబ్దమూ రాదు. అందుకే "టాపెట్ శబ్దం అసలు లేదు, ఇంజన్ మెత్తగా ఉంది" అనిపించే బండినే ముందు అనుమానించాలి.

ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి, రాత్రంతా ఆగిన బండి మేలు. ప్లగ్గు తీసేస్తే తిప్పడం తేలిక. ఎడమవైపు మాగ్నెట్ కవర్ మీదున్న రెండు బిరడాలు, హెడ్డు మీద పైనా కిందా ఉన్న రెండు టాపెట్ మూతలు విప్పండి. సాకెట్‌తో మాగ్నెట్ నట్‌ను గడియారానికి ఎదురు దిక్కులో తిప్పుతూ, బిరడా తీసిన కిటికీలో కనిపించే 'T' గుర్తును కవర్ మీది గీతకు ఎదురుగా తెండి. అప్పుడు రెండు రాకర్లూ వేలితో కొద్దిగా కదలాలి. ఒకటి బిగుసుకుని ఉంటే ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. ఈ రకం అడ్డం ఇంజన్లకు రెండు వాల్వులకూ 0.05 మిల్లీమీటర్లు మామూలు లెక్క. ఫీలర్ గేజ్‌లో 0.05 ఆకు కొద్దిగా పట్టుకుంటూ జరగాలి, 0.10 ఆకు అసలు దూరకూడదు. లాక్ నట్ బిగించేటప్పుడు గ్యాప్‌ను సర్దే మధ్యలోని చిన్న బొడిపె కూడా తిరిగి గ్యాప్ మారిపోతుంది. దాన్ని పట్టుకుని నట్ బిగించి, మళ్ళీ ఆకు పెట్టి చూడండి.

గ్యాప్ సరిచేసినా ఐడిల్ నిలవకపోతే కంప్రెషన్ గేజ్ పెట్టి, లివర్ పూర్తిగా నొక్కి సెల్ఫ్ కొట్టి చూడండి. 90 పీఎస్ఐ కన్నా తక్కువ చూపించే ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌కు ఐడిల్ ట్యూనింగుతో పని జరగదు, హెడ్డు విప్పాల్సిందే.

కరెంటు

ఉన్నపళంగా ఆగే బళ్ళలో మొదట వెనకాల వేలాడే తాడు స్విచ్ (లాగితే ఇంజన్ ఆగేది), రిమోట్ కటాఫ్ డబ్బా, హ్యాండిల్ మీద ఇంజన్ ఆపే కిల్ స్విచ్ చూడండి. వీటిలో తుప్పు పట్టిన కాంటాక్ట్ ఐడిల్ ఊపుకే ఆడుతుంది. ఇంజన్ తిరుగుతుండగా తాడు స్విచ్‌ను వేలితో అటూ ఇటూ కదిపితే ఆగిందా, దొంగ దొరికినట్టే. పరీక్ష కోసం సీడీఐ (ప్లగ్గుకు స్పార్క్ పంపే ఎలక్ట్రానిక్ డబ్బా) దగ్గర కిల్ తీగ కనెక్టర్ విడదీసి చూడవచ్చు, చాలా బళ్ళలో అది నలుపు మీద తెలుపు చార ఉన్న తీగ. అప్పుడు ఇంజన్ ఆపాలంటే చోక్ పూర్తిగా వేయాలి. పరీక్ష అయ్యాక కనెక్టర్ మళ్ళీ తప్పకుండా కలపండి, ఆ తాడు పిల్లల ప్రాణానికి కట్టింది.

ప్లగ్గు క్యాప్ మర తిప్పి ఊడదీసి, తీగ కొన నల్లబడి ఉంటే 5 మిల్లీమీటర్లు కోసి తిరిగి తిప్పండి. సీడీఐకి కరెంటు బ్యాటరీ నుంచి వచ్చే బళ్ళలో బ్యాటరీ నీరసించినా ఐడిల్‌లో స్పార్క్ పడిపోతుంది. ఇంజన్ కాస్త రేజ్‌లో ఉండగా బ్యాటరీ మీద 13.5 నుంచి 14.5 వోల్టులు చూపించాలి.

49 సీసీ టూ స్ట్రోక్ బళ్ళకు ప్రత్యేకంగా

ఫోర్ స్ట్రోక్‌లో లాంటి వాల్వులు లేవు కాబట్టి టాపెట్ బాధ లేదు. కొన్నింట్లో మిక్సర్ స్క్రూ కూడా ఉండదు, జెట్టు, ఐడిల్ స్క్రూ మాత్రమే ఉంటాయి. శుభ్రం చేయడం, లీకు ఆపడం తప్ప అక్కడ తిప్పేదేమీ లేదు. వైబ్రేషన్‌కు కార్బురేటర్ బోల్టులో క్లాంపో వదులవడం వీటికి రోజూ ఉండేదే. ఆయిల్ మోతాదు పుస్తకంలో ఉన్నట్టే కలపండి: 25కు 1 అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50కి 1 అంటే 20. భద్రం కదా అని ఆయిల్ ఎక్కువ పోస్తే ప్లగ్గు తడిసి ఐడిల్‌లోనే మొదట ఆగుతుంది. రీడ్ వాల్వు (మిశ్రమం లోపలికి వెళ్ళే దారిలోని పల్చటి ఆకుల తలుపు) ఆకులను వెలుతురుకు పట్టి చూడండి, కొన విరిగినా, పైకి లేచినా మార్చాలి. మాగ్నెట్‌కూ కాయిల్‌కూ మధ్య సందు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు, ఒక విజిటింగ్ కార్డు మందం. కార్డు మధ్యలో పెట్టి, మాగ్నెట్ కాయిల్‌ను లాక్కున్నాక బోల్టులు బిగిస్తే సరిపోతుంది. ఇవన్నీ చేసినా ఐడిల్ ఒక చోట నిలవకుండా పైకీ కిందికీ పోతుంటే క్రాంక్ సీళ్ళలోంచి గాలి దూరుతోంది. అది ఇంజన్ విప్పే పని.

పిల్లలకు ఇచ్చే ముందు

చక్రాలు ఇంకా గాల్లో ఉండగానే, ఐడిల్‌లో ఇంజన్ తిరుగుతుండగా గేరు వేయండి. క్లచ్‌లోని ఆయిల్ వల్ల చక్రాలు మెల్లగా తిరిగినా తిరగవచ్చు, కానీ బ్రేకు కొద్దిగా తాకగానే ఆగిపోవాలి, ఇంజన్ ఆగకూడదు. బ్రేకు పట్టగానే ఇంజన్ కూడా చస్తుంటే, ఐడిల్ సరిగ్గా ఉన్నా క్లచ్ వదలడం లేదు. దాని స్ప్రింగులు తెగాయేమో, బరువులు అతుక్కున్నాయేమో చూడాలి.

బండి కిందికి దించి, న్యూట్రల్‌లో ఐడిల్ మీద ఉండగా హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పండి. ఏ పక్క తిప్పినా ఇంజన్ చప్పుడు మారకూడదు. మారితే కేబుల్ ఎక్కడో బిగుసుకుంటోంది. లివర్ కొన దగ్గర 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఖాళీ ఆట ఉండేలా అడ్జస్టర్ వదులు చేసి, కేబుల్ దారి సరిచేసి, మళ్ళీ రెండు పక్కలా తిప్పి చూడండి.